మాట తప్పినవారితో సంధి: న్యాయవాది గాంధీజీ

వ్యాజ్యములో గెలిచినవాడు ఓడినట్లు, ఓడినవాడు చచ్చినట్లు అని మన పెద్దలు చెప్పుదురు. కోర్టుల చుట్టు తిరిగి ఇల్లు గుల్లచేసికొన్న సంసారములను తరతరములుగా చూచి చెప్పిన మాట అది. అందుచేతనే కోర్టు మెట్లెక్కుటకు ముందు పెద్దమనుష్యుల సమక్షమున రాజీపడుట మేలని లోకము నమ్ముచున్నది. అయితే రాజీకి కూర్చున్న రెండవ పక్షము మనసులో ఒకటి ఉంచుకొని నోట మరియొకటి పలికినచో ఏమి చేయవలెను? మోసమునకు మోసమే మందని కొందరందురు. మోసపోవుటయే ధర్మమని కొందరందురు. ఈ రెండును కాని మార్గమొకటి కలదా యనునది ప్రశ్న.

ఈ చిక్కు క్రొత్తది కాదు. ఉద్యోగపర్వమున ధృతరాష్ట్రుడు సంజయుని రాయబారమంపెను. శాంతి మంచిదనియు, ధర్మరాజు వంటి ధర్మాత్ముడు బంధువధకు పూనరాదనియు సంజయుడు ఎన్నో తీయని మాటలు చెప్పెను గాని, పాండవులకు రావలసిన రాజ్యభాగమును గూర్చి ఒక్క మాటయైనను తేలేదు. ఎదుటివాని మంచితనమునే వానికి సంకెలగా వేయజూచుట ఆ రాయబారమందలి నేర్పు. ధర్మరాజు దానికి మండిపడలేదు, లొంగిపోలేదు. ఐదూళ్లిచ్చినను చాలునని తన కోరికను తగ్గించి, స్పష్టపరచి, సంజయుని మర్యాదతో సాగనంపెను.

మన కాలమునకు దగ్గరగా ఇదే ప్రశ్నను కోర్టులలోను, ప్రభుత్వముల యెదుటను, తన శరీరముపై పడిన దెబ్బలలోను ఎదుర్కొన్న మహనీయులు మోహనదాసు కరంచందు గాంధీ. మహాత్ముడుగా ఆయనను ఎరుగనివారు లేరు. సుమారు 20 ఏండ్లు ప్లీడరు గౌను ధరించిన గాంధీజీని ఎరిగినవారు మాత్రము తక్కువ. ఆ జీవితభాగమును స్మరించుట ఈ వ్యాసోద్దేశము.

గాంధీజీ 1869 అక్టోబరు 2వ తేదీన పోరుబందరులో జన్మించిరి. 1888లో లండను వెళ్లి, ఇన్నరు టెంపులులో చేరి న్యాయశాస్త్రము చదివి, 1891 జూను 10వ తేదీన బారిష్టరు పట్టము పొంది, రెండు దినములలోనే స్వదేశమునకు ఓడ యెక్కిరి. పట్టము చేతికి వచ్చెను గాని వాదించు ధైర్యము రాలేదు. బొంబాయిలో చిన్న వ్యాజ్యముల కోర్టున మమీబాయి అను నామె పక్షమున 30 రూపాయల ఫీజునకు తొలి కేసు పుచ్చుకొనిరి. ప్రతిపక్ష సాక్షులను ప్రశ్నింప లేచి నిలువగానే తల తిరిగి, నోట మాట పెగలక కూర్చుండిపోయిరి. ఫీజు తిరిగి యిచ్చివేసి, మరియొక వకీలును పెట్టుకొమ్మని చెప్పి కోర్టు విడిచిరి. కేసులు తెచ్చిపెట్టు దళారికి వాటా ఇయ్యనని ఆ తొలి కేసులోనే ఆయన పట్టుబట్టిరి. పిదప రాజకోటకు పోయి అర్జీలు, మహజర్లు వ్రాయుచు నెలకు సుమారు 300 రూపాయలు సంపాదించుచుండగా దక్షిణాఫ్రికానుండి పిలుపు వచ్చెను.

పోరుబందరు వర్తకుడైన దాదా అబ్దుల్లాకు నేటాలులో పెద్ద వ్యాపారముండెను. ఆయన తన బంధువును, తన యూరివాడును అయిన తయ్యబు హాజీఖాను మహమ్మదుపై ప్రిటోరియాలో 40,000 పౌనుల దావా నడుపుచుండెను. అందు తన యూరోపియను ప్లీడర్లకు సాయపడుటకు ఒక మనిషి కావలసి, మొదటి తరగతి రాకపోకల ఖర్చులును, 105 పౌనులును ఒప్పుకొని గాంధీజీని ఏడాది పనికి రప్పించెను. 1893 మే నెలలో గాంధీజీ డర్బనులో దిగిరి. ప్రిటోరియాకు పోవు దారిలో, మొదటి తరగతి టిక్కెట్టు చేతనుండగానే మారిట్సుబర్గు స్టేషనులో ఆయన రైలునుండి త్రోయబడిన వృత్తాంతము లోకవిదితము. ఆ ప్రయాణము చివర ఆయన చేసిన పని అంతగా తెలిసినది కాదు.

తొలుత ఆయనకు జమాఖర్చుల జ్ఞానమే లేదు. లెక్కలలో మాటిమాటికి వినబడు పి. నోటు అనగా ప్రామిసరీ నోటని నిఘంటువు చూచి తెలిసికొనిరి. జమాఖర్చుల పుస్తకమొకటి కొని చదివిరి. పిమ్మట ఉభయుల కాగితములను ఒక్కటి విడువక పరిశీలించిరి. ఆ నోట్లు మోసముచేత పొందినవనియు, వానికి తగిన ప్రతిఫలము ముట్టలేదనియు ప్రతివాది వాదము. కాగితములు చదివిన కొలది తన పక్షమే బలమైనదని గాంధీజీకి దృఢపడెను. వ్యాజ్యమున యథార్థ విషయములను పట్టుకొన్నవానికి చట్టము తనంతట తానే తోడువచ్చునని ఆయన గ్రహించినది అప్పుడే.

తన పక్షము బలమైనదని తెలిసిన ప్లీడరు సామాన్యముగ బిగబట్టి కూర్చుండును. గాంధీజీ మరియొక సంగతి చూచిరి. ఇరుప్రక్కల ఫీజులు పెరుగుచుండెను. వ్యాజ్యము ఎంతకాలము సాగునో తెలియదు. వర్తకులిరువురకు వ్యాపారముపై దృష్టి తప్పెను. బంధువుల నడుమ పగ ముదురుచుండెను. ఆయన తయ్యబు సేఠును కలిసి మధ్యవర్తి తీర్పునకు ఒప్పుకొమ్మని బ్రతిమాలిరి. తన కక్షిదారుని కూడ ఒప్పించిరి. మధ్యవర్తి విచారించి, దాదా అబ్దుల్లాకు 37,000 పౌనులును, ఖర్చులును ముట్టవలెనని తీర్పు చెప్పెను.

కథ అచట ముగియలేదు. అంత సొమ్ము ఒక్కమారు కట్టవలసి వచ్చినచో తయ్యబు సేఠు దివాలా తీయక తప్పదు. ఆ దేశమందలి పోరుబందరు మేమనులలో దివాలాకంటె చావు మేలను వ్రాయని కట్టుబాటుండెను. ఓడినవాడు చచ్చినట్లను సామెత ఇచట అక్షరాల నిజము కాబోవుచుండెను. గాంధీజీ ఈసారి తన కక్షిదారునే బ్రతిమాలవలసివచ్చెను. మధ్యవర్తికి ఒప్పించుటకంటె వాయిదాలకు ఒప్పించుట కష్టమయ్యెను. తుదకు దాదా అబ్దుల్లా దీర్ఘకాలపు వాయిదాలకు అంగీకరించెను. ఇరువురి పరువును నిలిచెను. తెగిన బంధములను అతుకుటయే న్యాయవాది ధర్మమని గాంధీజీ ఈ వ్యాజ్యమునుండి నేర్చుకొనిరి. తరువాత తన వృత్తికాలమున వందలకొలది వ్యాజ్యములను ఆయన కోర్టు వెలుపలనే పరిష్కరించిరి. అందువలన ఆత్మకు మాత్రమే కాక ధనమునకును తనకు నష్టము కలుగలేదని చెప్పుకొనిరి.

ఎదుటివాని కపటమునకు మందు వెదకుటకు ముందు మన పక్షమందలి కపటమును కడిగివేయవలెను. గాంధీజీ వృత్తినీతికి ఇది మొదటి మెట్టు. అసత్యపు కేసు తన వద్దకు తేవలదనియు, సాక్షులకు తాను పాఠములు చెప్పననియు క్రొత్తగా వచ్చిన ప్రతి కక్షిదారునికి ముందే చెప్పివేయుట ఆయన అలవాటు. కొంతకాలమునకు, సత్యమైన వ్యాజ్యములను ఆయనకిచ్చి, అనుమానపు వ్యాజ్యములను ఇతరుల వద్దకు కొనిపోవు కక్షిదారులును ఏర్పడిరి. జోహాన్సుబర్గులో ఒకసారి విచారణ సాగుచుండగా కక్షిదారుడు తన్ను మోసగించెనని ఆయనకు తెలియవచ్చెను. తక్షణమే లేచి, తన కేసును కొట్టివేయవలసినదని తానే మేజిస్ట్రేటును కోరిరి. ఎదుటి ప్లీడరు విస్తుపోయెను.

ఇంకొక వ్యాజ్యము దీనికంటె సున్నితమైనది. మధ్యవర్తుల తీర్పు పూర్తిగా గాంధీజీ కక్షిదారునికే అనుకూలముగ వచ్చెను. కాని లెక్కలో ఒక పొరపాటు దొర్లియుండెను. ఖర్చు వైపు పడవలసిన పద్దు జమ వైపు పడెను. ఎదుటి పక్షము ఆ తీర్పును వేరు కారణములచే ఎదిరించుచుండెను గాని ఈ పొరపాటును కనిపెట్టలేదు. మన తప్పును మనమే చెప్పుకొనవలసిన విధి మనకు లేదని పెద్ద ప్లీడరు అభిప్రాయపడెను. చెప్పినచో తీర్పంతయు రద్దుకావచ్చునని భయపెట్టెను. గాంధీజీ ఆయన క్రింద పనిచేయు చిన్న ప్లీడరు. అయినను చెప్పితీరవలెనని పట్టుబట్టిరి. కక్షిదారుడు కొంత ఆలోచించి గాంధీజీ మాటకే తలయొగ్గెను. పెద్ద ప్లీడరు ఆ షరతుపై వాదింపనని తప్పుకొనగా గాంధీజీయే వణకుచు సుప్రీముకోర్టున నిలిచిరి. పొరపాటు ప్రస్తావన రాగానే ఒక న్యాయమూర్తి ఇది కపటోపాయము కాదా యని అడ్డుప్రశ్న వేసెను. సత్యము చెప్పబోయినవానికి కపటియను నింద పడెను. కాని వాదము పూర్తిగా వినినపిదప అది చేజారిన లెక్క మాత్రమేయని న్యాయమూర్తులకు తోచెను. పొరపాటును దిద్ది, తీర్పును స్థిరపరచిరి.

పార్శీ రుస్తుంజీ సేఠు వృత్తాంతమును ఇట్టిదే. గాంధీజీకి ఆప్తుడైన ఈ వర్తకుడు సుంకమెగవేసి సరకు తెప్పించుట అలవాటు చేసికొని ఒకనాడు పట్టుపడెను. కన్నీళ్లతో వచ్చి దాపరికము లేక చెప్పెను. గాంధీజీ కోర్టులో వాదింప పూనుకొనలేదు. సుంకపు అధికారికి నేరమొప్పుకొని, విధించిన దండుగ చెల్లించుటయే మార్గమనియు, వారు ఒప్పుకొననిచో జైలుకు సిద్ధపడవలెననియు చెప్పిరి. నేరము చేయుటలోనే సిగ్గున్నది గాని జైలుకు పోవుటలో లేదని ధైర్యము చెప్పిరి. సుంకపు అధికారితోను, అటార్నీ జనరలుతోను ఏదియు దాచక మాటలాడిరి. ఎగవేసితినని ఒప్పుకొన్న మొత్తమునకు రెండింతలు చెల్లించునట్లు రాజీ కుదిరెను. రుస్తుంజీ ఈ సంగతియంతయు వ్రాయించి, అద్దము కట్టించి, తన వారసులకును తోడి వర్తకులకును హెచ్చరికగా ఆఫీసు గోడకు వ్రేలాడదీసెను.

ఇట్లు సొంత యిల్లు చక్కబెట్టుకొన్న న్యాయవాదికి ఎదురైన ప్రతిపక్షము సామాన్యమైనది కాదు. నేటాలు చెరకు తోటలకు 1860 నుండి మన దేశపు కూలీలు వెళ్లుచుండిరి. చెన్నపట్టణపు రేవున ఓడలెక్కినవారిలో అరవవారితోపాటు తెలుగు జిల్లాలవారును అనేకులు. ఒప్పందపు గడువు తీరి అచటనే నిలిచిపోగోరు కూలీపై నేటాలు ప్రభుత్వము 1895లో ఏటేట 3 పౌనుల తలపన్ను విధించెను. భార్యాభర్తలు, ఇద్దరు ఎదిగిన బిడ్డలు గల కుటుంబము ఏటికి 12 పౌనులు చెల్లించవలెను. ఆ పురుషుని నెల సంపాదన సగటున 14 షిల్లింగులు దాటదు, అనగా ఏడాదికి 9 పౌనులైనను కాదు. కూలీని తిరిగి ఒప్పందమునకో, స్వదేశమునకో నెట్టుటకే ఈ పన్ను. 1897లో వచ్చిన వర్తకపు లైసెన్సుల చట్టమున భారతీయులను మాటయే లేదు. కాని దాని వాత బడినవారు ముఖ్యముగ భారతీయ వర్తకులే. చట్టము భాష ఒకటి, భావము మరియొకటి.

1906లో ట్రాన్సువాలు ప్రభుత్వము ఎనిమిదేండ్లు దాటిన భారతీయులందరు వ్రేలిముద్రలిచ్చి, పేర్లు రిజిస్టరు చేయించుకొని, ఆ పత్రమును వెంట ఉంచుకొనవలెనని శాసనము తలపెట్టెను. సెప్టెంబరు 11వ తేదీన జోహాన్సుబర్గు ఎంపైరు నాటకశాలలో భారతీయులు సభచేసి దానికి లొంగమని ప్రమాణము చేసిరి. గాంధీజీ లండను పోయి మంత్రి ఎల్గిను ప్రభువునకు మొరపెట్టుకొనగా, ఆ యేటి చివర శాసనమునకు రాజామోదము నిరాకరింపబడెను. భారతీయులు సంతోషించిరి. ఆ సంతోషము నెలల ముచ్చటయే. 1907 జనవరి 1వ తేదీన ట్రాన్సువాలుకు స్వపరిపాలన వచ్చెను. మార్చిలో క్రొత్త శాసనసభ ఆ చట్టమునే మరల చేసెను. ఈసారి ఆమోదము లభించెను. స్వపరిపాలన వచ్చినపిమ్మట అదే చట్టము చేసినచో అడ్డుపెట్టమని ఎల్గిను ప్రభువు ట్రాన్సువాలు ప్రతినిధికి ముందే సూచించెనని గాంధీజీకి తెలిసెను. ఒక చేత ఇచ్చి రెండవ చేత లాగుకొను ఈ తీరును ఆయన వక్రనీతియనిరి.

భారతీయులలో అత్యధిక సంఖ్యాకులు రిజిస్టరు చేయించుకొనలేదు. 1908 జనవరి 10వ తేదీన, తాను ఎన్నోమార్లు ప్లీడరుగా నిలిచిన కోర్టులోనే గాంధీజీ ముద్దాయిగా నిలిచి, రెండు నెలల జైలుశిక్ష పొందిరి. ఆ నెల చివర ఒక ఆంగ్లపత్రిక సంపాదకుడు ఆల్బర్టు కార్టురైటు రాజీ షరతులను జైలుకు తెచ్చెను. గాంధీజీ వానిని దిద్దిరి. ఆయనతోపాటు తంబినాయుడును, చీనావారి పక్షమున లియుంగు క్వినును సంతకములు చేసిరి. ఈ తంబినాయుడు మారిషసులో పుట్టిన తమిళుడు. కొంత తెలుగును నేర్చిన బహుభాషావేత్త.

జనవరి 30వ తేదీన గాంధీజీని ప్రిటోరియాకు, జనరలు స్మట్సు వద్దకు కొనిపోయిరి. స్మట్సు గాంధీజీకంటె కొన్ని నెలలు చిన్నవాడు. కేంబ్రిడ్జిలో న్యాయశాస్త్రము చదివి, ప్రిటోరియాలో ప్రభుత్వ న్యాయవాదిగా పనిచేసినవాడు. కనుక ఇది ఇద్దరు లాయర్ల నడుమ జరిగిన సంధి. భారతీయులు నిర్బంధము లేక తమంతట తాము రిజిస్టరు చేయించుకొనవలెను, అంతట ఆ నల్లచట్టము రద్దుకావలెను. గాంధీజీ గ్రహించిన రాజీ ఇది. ఆయన అప్పుడే విడుదలయైరి. చేత చిల్లిగవ్వయు లేదు. జోహాన్సుబర్గుకు రైలు ఖర్చులను స్మట్సు కార్యదర్శియే ఇచ్చెను.

ఇచటనే చిక్కున్నది. తమంతట తాము రిజిస్టరు చేయించుకొనెదమను మాట జాబులో స్పష్టముగ నుండెను. చట్టము రద్దగునను మాట ముఖాముఖి సంభాషణమున వచ్చినదే గాని, జాబులో అంత స్పష్టముగ లేదు. ఈ ఒక్క లోపము రాజీకి పెద్ద పరీక్ష తెచ్చిపెట్టెను.

గాంధీజీ ఆ రాత్రియే సభలో రాజీని వివరించిరి. ప్రభుత్వము మాట తప్పినచో గతియేమని కొందరడిగిరి. 15,000 పౌనులు లంచము పుచ్చుకొని గాంధీజీ జాతిని అమ్మివేసెనని ఒక పఠాను నిందించెను. మొదట వ్రేలిముద్రలిచ్చినవానిని చంపెదనని శపథము పట్టెను. ఫిబ్రవరి 10వ తేదీ ఉదయము గాంధీజీ రిజిస్ట్రేషను ఆఫీసునకు పోవుచుండగా, మీర్ ఆలం అను పఠాను తన తోడివారితో అడ్డగించి కర్రలతో కొట్టెను. ఈ మీర్ ఆలం తన పనులలో గాంధీజీ సలహా పొందుచుండినవాడే. తంబినాయుడును దెబ్బలు తినెను. స్పృహ వచ్చినవెంటనే గాంధీజీ రిజిస్ట్రారును రప్పించుకొని, పడక మీదనే వ్రేలిముద్రలిచ్చి తన మాట చెల్లించుకొనిరి. తన్ను కొట్టినవారిని శిక్షింపవలదని అటార్నీ జనరలునకు తంతి పంపిరి. 1897లో డర్బను రేవున తెల్లవారి గుంపు తన్ను కొట్టినప్పుడును ఆయన ఫిర్యాదు చేయ నిరాకరించియుండిరి. ఈసారి మాత్రము బహిరంగ వీథిలో జరిగిన నేరమని అచటి యూరోపియనులు పట్టుబట్టుటచే మీర్ ఆలమునకు శిక్షపడెను.

మే నెల నాటికి భారతీయులు తమ వంతు చెల్లించుకొనిరి. స్మట్సు తన వంతు చెల్లింపలేదు. స్వచ్ఛందముగ పొందిన పత్రములను చెల్లుబాటు చేయుటకు సిద్ధపడెను గాని, నల్లచట్టమును నిలిపియుంచెను. రద్దు చేయవలెనన్నచో మరికొన్ని వర్గముల భారతీయుల హక్కులను వదలుకొనవలెనని క్రొత్త షరతులు పెట్టెను. ఒప్పందము ముగిసినపిదప దానికి క్రొత్త వెల కట్టుట దుష్టసంధికి తెలిసిన ఉపాయములలో నొకటి.

గాంధీజీ అప్పుడేమి చేసిరి? మొదట స్మట్సునకు వరుసగ జాబులు వ్రాసి, జరిగిన సంభాషణమును జ్ఞాపకము చేసిరి. పిమ్మట ఆ ఉత్తరప్రత్యుత్తరములను ప్రకటించి లోకము ముందుంచిరి. తాను వినని మాటను వింటినని చెప్పలేదు. స్మట్సు దుర్మార్గుడని తిట్టలేదు. ఆతడు ఆనాడు కావలెనని మోసగించెనో, లేక భావము వేరుగ పడెనో అని తరువాతి కాలమున తన గ్రంథమునందు సందేహలాభము కూడ ఇచ్చిరి. జాబులు నిష్ఫలము కాగా గడువు పెట్టి తుది హెచ్చరిక పంపిరి. ఎదుటి పక్షము తన భాగము చెల్లింపనిచో మేమును మా భాగమును ఉపసంహరించుకొందుమనుటయే దాని సారము. కరారునామాల ధర్మమెరిగిన ప్లీడరు మాట అది.

1908 ఆగస్టు 16వ తేదీన జోహాన్సుబర్గు హమీదియా మసీదు ఆవరణలో భారతీయులు సమావేశమైరి. ప్రభుత్వము నిరాకరించినదను తంతిని ఒక యువకుడు సైకిలుపై తెచ్చెను. పెద్ద ఇనుప కడాయిలో రెండువేలకు పైగా పత్రములు వేసి, కిరసనాయిలు పోసి కాల్చివైచిరి. మీర్ ఆలం ఆ సభకు వచ్చి, గాంధీజీని కొట్టుట తన తప్పని ఒప్పుకొని, తన పాత పత్రమును మంటకు ఇచ్చెను. గాంధీజీ ఆతని చేయి పట్టుకొని, తనకెన్నడును కోపము లేదని చెప్పిరి. సంధి చెడిన దినముననే వేరొక సంధి కుదిరెను.

పోరు ఏండ్లు సాగెను. 1911లో తాత్కాలికపు రాజీ కుదిరెను. 1912లో గోఖలే దక్షిణాఫ్రికా వచ్చి మంత్రులతో మాటలాడి, 3 పౌనుల పన్ను రద్దగునని వాగ్దానము లభించినదని చెప్పెను. మరుసటి యేడు స్మట్సు అట్టి వాగ్దానమే లేదనెను. ఇచట గాంధీజీ నడవడి గమనింపదగినది. అంతవరకు ఆయన ఆ పన్నును పోరాటపు కోరికలలో చేర్చలేదు. నడుమ కోరికలు పెంచుట సత్యాగ్రహికి తగదని ఆయన నియమము. గోఖలేకిచ్చిన మాట భంగమైనపిమ్మటనే అది న్యాయముగ పోరాటములో చేరెను. ఎదుటివాడు మాట తప్పినందువలన కలిగిన హక్కును మాత్రమే వాడుకొనిరి. అంతకు మించి ఆశింపలేదు.

1913లో న్యూకాసిలు బొగ్గుగనుల కూలీలు పని మానిరి. నవంబరు 6వ తేదీన 2,037 మంది పురుషులు, 127 మంది స్త్రీలు, 57 మంది పిల్లలు ట్రాన్సువాలు సరిహద్దు దాట బయలుదేరిరి. బయలుదేరుటకు ముందు గాంధీజీ స్మట్సు కార్యదర్శికి టెలిఫోను చేసి, పన్ను రద్దు చేయుదుమన్నచో యాత్ర మానెదనని చెప్పిరి. మొగము మీద కొట్టినట్లు ప్రత్యుత్తరము వచ్చెను. నాలుగు దినములలో ఆయనను మూడుమార్లు పట్టుకొనిరి. డిసెంబరులో విడుదలయై, మరల యాత్ర సాగింపబోవుచుండగా 1914 జనవరిలో తెల్ల రైల్వే పనివారు పెద్ద సమ్మె చేసిరి. ప్రభుత్వము చిక్కులో పడెను. ఇదే అదనని మిత్రులు పలికిరి. గాంధీజీ యాత్రను వాయిదా వేసిరి. తమ న్యాయమునకు సంబంధింపని కష్టములో నున్న ప్రతిపక్షిని ఆ కష్టముతో లొంగదీయరాదని ఆయన నమ్మకము. లోకమున దుర్నీతితో వ్యవహరించినవానిపై నీతిని ఎంతవరకు పాటింపవలెనను ప్రశ్నకు ఇంతకంటె స్పష్టమైన సమాధానము దొరకదు.

స్మట్సు మనసు మెత్తబడుటకు ఇదియొక కారణమయ్యెను. 1914 జనవరిలో ఇరువురి నడుమ తాత్కాలికపు ఒడంబడిక కుదిరెను. జూను 30వ తేదీన తుది జాబులు మారెను. ఈసారి ఒడంబడిక అంశములన్నియు వ్రాతలో నుండెను. 1908లో సంభాషణమునకు విడిచిన మాటను 1914లో గాంధీజీ కాగితమునకు విడిచిరి. నమ్మకము తగ్గుటచేత కాదు. వ్రాత మంచివానికిని జ్ఞాపకమును నిలుపును. అంతేకాదు, ఈ ఒడంబడికలో తేలని కోరికలు ఇంకను కలవనియు, ఏనాటికైనను వానిని తీర్చవలసియుండుననియు ఆ జాబుననే వ్రాసిరి. లోపల కోరికలు దాచుకొని అంతయు తీరెనని సంతకము పెట్టుట కూడ కపటమే కదా. జులైలో వచ్చిన భారతీయుల ఉపశమన చట్టము 3 పౌనుల పన్నును రద్దు చేసెను, భారతీయ వివాహములను గుర్తించెను.

జులై 18వ తేదీన గాంధీజీ కేప్ టౌనునుండి ఓడ యెక్కిరి. జైలులో తాను కుట్టిన చెప్పుల జత స్మట్సునకు కానుకగా పోయెను. 1939లో గాంధీజీ 70వ జన్మదినమునకు సర్వేపల్లి రాధాకృష్ణపండితుడు సంపాదించిన అభినందన గ్రంథమునకు స్మట్సు వ్యాసము వ్రాసెను. ఆ చెప్పులను భద్రపరచి, ఆ సందర్భమున తిరిగి పంపెను. అంతటి మహనీయుని చెప్పులలో నిలుచుటకు తాను యోగ్యుడను కానని ఆతని భావము.

స్వదేశమునకు వచ్చినపిమ్మట గాంధీజీ ప్లీడరు పని చేయలేదు. కాని 1917లో చంపారనులో నీలిమందు తోటల దొరలు రైతులవద్ద అక్రమముగ లాగిన సొమ్ములో నాలుగవ వంతు మాత్రము తిరిగి ఇచ్చెదమనగా, దానికే అంగీకరించుటలో ఆ పాత న్యాయవాదియే కనబడుచున్నాడు. దొరల తప్పు ఒప్పుకోలైనది, రైతు భయము వీడినది, మొత్తము ఎంతయనునది అంత ముఖ్యము కాదని ఆయన లెక్క. 1922లో రాజద్రోహ శిక్షానంతరము ఇన్నరు టెంపులువారు తమ పట్టికనుండి ఆయన పేరు కొట్టివైచిరి. 1988లో మరల చేర్చిరి. అప్పటికి ఆయన గతించి 40 ఏండ్లయ్యెను.

గాంధీజీ స్మట్సును నమ్మి మోసపోయెనని కొందరు విమర్శింతురు. మోసపోయిన మాట నిజమే. దానివలన జాతికి కలిగిన కష్టము కూడ చిన్నది కాదు. పత్రములు కాల్చినవారు జైళ్లకు పోయిరి, వర్తకములు చెడెను. 1908లో రద్దు మాటను వ్రాయించుకొని యుండినచో మేలై యుండెడిది. నమ్మకమునకు వ్రాత విరోధి కాదు. కాని ఆ విమర్శకులు రెండవ లెక్క చూడరు. మోసపోయిన నాడు గాంధీజీ చేతులలో మోసపు మరక లేదు. కాబట్టి జాబులు ప్రకటించినప్పుడు దాచవలసిన కాగితమొకటియు ఆయనకు లేకపోయెను. మీర్ ఆలం వంటి విరోధి తిరిగి వచ్చుటకును, ఆరేండ్లకు స్మట్సు మరల జాబు వ్రాయుటకును ద్వారము తెరచియుండెను. మోసమునకు మోసము చేసియుండినచో ఆ ద్వారము మూతబడియుండెడిది.

నేటికిని వాటాల తగవులలోను, బాకీల వ్యాజ్యములలోను రాజీకి కూర్చుండువారు మన యూళ్లలో కొల్లలుగ కలరు. వారందరు మహాత్ములు కానక్కరలేదు. కాగితములు పూర్తిగా చదువుట, తమ తప్పును తామే ముందుగ చెప్పుట, కుదిరిన మాటను వ్రాసికొనుట, ఎదుటివాడు తప్పినచో గడువిచ్చి బహిరంగముగ తమ భాగమును వెనుకకు తీసికొనుట, వాని ఇతర కష్టములను ఆయుధముగ పట్టకుండుట: ఇవి ఏ ప్లీడరైనను, ఏ గృహస్థుడైనను చేయదగిన పనులు. ప్రిటోరియాలో తయ్యబు సేఠు వాయిదాల కొరకు తన కక్షిదారుని బ్రతిమాలిన ఇరువదినాలుగేండ్ల యువకుడు వీనిని ఒక్కొక్కటిగ నేర్చుకొనెను. మనమును అట్లే నేర్చుకొనవచ్చును.